సర్వేకి వచ్చినోళ్లు మా ఇంట్లో ఎవరితో మాట్లాడుతున్నారు? (జీవన ప్రమాణాల కొలతలు, వికలాంగులు)

తార్నాక_లెక్కలు · ఆదివారం ఉదయం 10:12
అందరికీ నమస్తే. ఆదాయం ఒక్కటే చూస్తే సరిపోదు, జనం బతుకు ఎలా సాగుతోందో కూడా కొలవాలని ఇప్పుడు చాలా ప్రభుత్వాలు అంటున్నాయి. జనం సంతోషాన్నే కొలిచే భూటాన్ సంగతి తెలిసిందే. బ్రిటన్‌లో 2011 నుంచి నాలుగు ప్రశ్నలు అడుగుతున్నారు: జీవితం తృప్తిగా ఉందా, చేసే పనులకు విలువ ఉందనిపిస్తోందా, నిన్న ఎంత సంతోషంగా ఉన్నారు, ఎంత ఆందోళన పడ్డారు. సున్నా నుంచి పది దాకా మార్కులు వేయాలి. ఆస్ట్రేలియా 2023లో 50 సూచికలతో ఒక చట్రం తెచ్చింది. మధ్యప్రదేశ్ 2016లో ఏకంగా ఆనంద శాఖే పెట్టింది. మన హైదరాబాద్ కూడా ఉన్న 2020 ఈజ్ ఆఫ్ లివింగ్ (నగరాల్లో బతకడం ఎంత సులువో చూసే కేంద్ర ప్రభుత్వ) సూచీలో 30 శాతం మార్కులు పౌరుల అభిప్రాయానివే. 111 నగరాల్లో 32 లక్షల మంది జవాబులిచ్చారు.

మా విభాగంలో ఇలాంటి ప్రశ్నావళి ఒకటి తయారవుతోంది. వికలాంగుల మాట అందులో సరిగ్గా పడాలంటే ఏం చేయాలి? పుస్తకాల్లో ఉన్నది చదివాను. మీరు చెప్పేది కావాలి.

మలక్‌పేట_చక్రాలు · 10:40
తమ్మీ, ముందుగాల ఒక్క ముచ్చట. నన్ను ఇంతవరకు ఏ సర్వేలనూ ఎవ్వరూ అడగలే. ఇంటికొస్తరు, గుమ్మం కాడ్నే మా నాయనతోని మాట్లాడి పోతరు. నేను లోపలి రూంల కూసోని అంతా వింటనే ఉంట. "మా పెద్దోడు వికలాంగుడు సార్" అంటడు నాయన. రాసుకుంటరు, అయిపాయె. నేను నౌకరి చేస్త, ట్యాక్స్ కడుత, ఇంటి కరెంటు బిల్లు నా ఫోన్ల నుంచే పోతది. నాకు జీవితం తృప్తిగా ఉందో లేదో మా నాయనకెట్ల ఎరుక?

నువ్వు ఏం ప్రశ్నలు రాస్తవో తర్వాత చూద్దాం. ఎవరిని అడుగుతవ్, అది చెప్పు.

బడిపంతులు_ఉప్పల్ · 11:25
మలక్‌పేట అన్న చెప్పింది నిజం. నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని, సర్వే డ్యూటీలు పడుతూనే ఉంటాయి. 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వే చేశాం కదా, 75 ప్రశ్నలు. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి గల్లీలు. అన్ని ప్రశ్నలున్న ఫారం ఏదైనా సరే, తలుపు తీసినవాళ్లతోనే పూర్తవుతుంది. ఎన్యూమరేటర్ (వివరాలు రాసుకునే మనిషి) చెడ్డవాడై కాదు, ఇంటి లెక్క తీసే ఫారాలు అలాగే తయారవుతాయి. "కుటుంబ యజమాని" అని మొదటి గడి ఉంటుంది, ఆ పైన అంతా ఆయన నోటి నుంచే. ఇంట్లో ఎన్ని గదులు, ఎన్ని బండ్లు అన్న లెక్కకు అది చాలు. "నిన్న మీకు ఆందోళన కలిగిందా" అన్నదానికి చాలదు.

పద్మారావునగర్_రిటైర్డ్ · మధ్యాహ్నం 12:50
టీచర్‌గారు అసలు సంగతి పట్టుకున్నారు. నేను సర్వీసంతా లెక్కల్లోనే గడిపినవాణ్ణి కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను, విసుక్కోకండి.

నీతి ఆయోగ్ వారి బహుముఖ పేదరిక సూచీ తీసుకోండి. 12 సూచికలు. అందులో చదువు సూచిక ఎలా ఉంటుందంటే, ఇంట్లో పదేళ్లు దాటిన ఒక్కరైనా ఆరేళ్ల చదువు పూర్తి చేస్తే ఆ ఇంటికి ఆ లోటు లేనట్టే. అన్న ఇంజనీరింగ్ చదివాడు, పుట్టు చెవుడున్న చెల్లెలు బడి గడప తొక్కలేదు అనుకుందాం. సూచీ దృష్టిలో ఆ ఇంట్లో చదువు లోటు లేదు. ఆ చెల్లెలు బడి వయసులో ఉన్నన్నాళ్లు, అంటే ఎనిమిదో తరగతి వయసు దాకా, హాజరు సూచికలో కనబడుతుంది. ఆ వయసు దాటగానే లెక్కలోంచి మాయం. మరుగుదొడ్డీ అంతే. ఇంట్లో ఉంటే ఉన్నట్టే. తలుపు వెడల్పు 22 అంగుళాలై చక్రాల కుర్చీ పట్టకపోతే ఆ ఇంటి మార్కు తగ్గదు.

ఇంటిని ఒక్క ముద్దగా కొలిచినంత కాలం లోపలి గదిలో ఉన్న మనిషి కనబడడు. దీనికి కొత్త ఫార్ములాలేమీ అక్కర్లేదు. ఇంటి లెక్కతో పాటు మనిషి లెక్క కూడా తీయాలి.

తార్నాక_లెక్కలు · 1:30
సార్, ఇది నా నోట్స్‌లో లేదు. ధన్యవాదాలు.

ఎవరిని వికలాంగులుగా లెక్కించాలన్నది ఇంకో చిక్కు. 2011 జనగణనలో దేశంలో 2.68 కోట్లు, అంటే 2.21 శాతం. 2018లో జాతీయ నమూనా సర్వే 76వ విడతలో కూడా 2.2 శాతమే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అంచనా చూస్తే ప్రపంచ జనాభాలో 16 శాతం. మన దగ్గర అంత తక్కువమంది ఉన్నారని నేను నమ్మను, అడిగే తీరులోనే తేడా ఉంది. "మీ ఇంట్లో వికలాంగులున్నారా" అంటే పెళ్లి కావలసిన అమ్మాయి ఉన్న ఇంట్లో లేరనే చెబుతారు. మోకాళ్ల నొప్పులతో మెట్టెక్కలేని తాతయ్యను ఎవరూ వికలాంగుడనుకోరు.

వైకల్యం లెక్కల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన వాషింగ్టన్ గ్రూప్ వాళ్ల ఆరు ప్రశ్నల్లో ఆ మాటే రాదు. చూడటం, వినటం, నడవటం లేదా మెట్లెక్కటం, గుర్తుపెట్టుకోవటం, స్నానం చేసి బట్టలు కట్టుకోవటం, ఎదుటివాళ్లకు చెప్పింది అర్థమయ్యేలా మాట్లాడటం. ఒక్కోదానికి ఇబ్బంది లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను అని నాలుగు జవాబులు. ఒక్కదాంట్లో అయినా "చాలా" గానీ "అసలు చేయలేను" గానీ వస్తే లెక్కలోకి వస్తారు.

కొత్తపేట_మల్లన్న · 2:05
ఇదంతా మంచిగనే ఉంది గానీ నాదొక అనుమానం. వైకల్యం ఎంతుందో చూసే సదరం క్యాంపుల నిలబడి చెయ్యి లేవదని చూపిస్తెనే సర్టిఫికెట్. సర్టిఫికెట్ ఉంటెనే పింఛన్. రేపు ట్యాబ్ పట్టుకొని ఒకాయన వచ్చి "నీ బట్టలు నువ్వే తొడుక్కుంటవా, ఇబ్బంది ఏమన్న ఉందా" అని అడిగితే, నేను తొడుక్కుంట అని చెప్తనా? నాలుగు వేల పదహార్లు పోతయి. ఇంకోదిక్కు "సంతోషంగ ఉన్నవా" అంటే ఉన్న అని చెప్తే సాయం అవసరం లేదనుకుంటరు, లేదు అంటే ఇంట్లోళ్లు మొఖం మాడుస్తరు. ఏం చెప్పినా తిప్పలే.

బడిపంతులు_ఉప్పల్ · 2:31
మల్లన్నా, మా దగ్గర ప్రతి గల్లీలో వినబడే మాట ఇదే. "సార్, ఇది పింఛన్ల కోసమా?" అదే మొదటి ప్రశ్న. అవునంటే ఒక రకం జవాబు, కాదంటే లోపలికే రానివ్వరు.

పద్మారావునగర్_రిటైర్డ్ · 2:58
అందుకే ఈ సర్వేను పింఛను ఇచ్చే శాఖ చేతికి ఇవ్వకూడదు. 2008 గణాంక సేకరణ చట్టం కింద చేస్తే ఇచ్చిన వివరాలు గణాంకాలకు తప్ప వేరే దేనికీ వాడకూడదు. ఆధార్ నంబరు అడగనే కూడదు. అడిగిన క్షణం అది మల్లన్నగారికి సదరం క్యాంపే.

పైగా సర్టిఫికెట్ల జాబితా పట్టుకుని నమూనా తీస్తే ఇంకో ప్రమాదం. 2018 సర్వేలో వైకల్యం ఉన్నవాళ్లలో సర్టిఫికెట్ ఉన్నది 28.8 శాతానికే. పదిమందిలో ఏడుగురు ఆ జాబితా బయటే ఉండిపోతారు.

నల్లకుంట_తెరవాచకం · సాయంత్రం 4:10
నేను పూర్తిగా చూపు లేని బ్యాంకు ఉద్యోగిని. రెండు విషయాలు.

ఆన్‌లైన్ సర్వే అంటే నాకు అనుకూలం, మధ్యలో ఎవరూ ఉండరు. కానీ ఫారంలో గడులకు పేర్లు పెట్టకపోతే తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, బటన్" అంటూ పోతుంది. చివర్లో బొమ్మలో ఉన్న అక్షరాలు టైప్ చేయమంటుంది. అంతే, నా అభిప్రాయం అక్కడితో సమాప్తం. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం కూడా జీవించే హక్కులో భాగమే అని చెప్పి, కేవైసీ (ఖాతాదారు గుర్తింపు తనిఖీ) విషయంలో 20 ఆదేశాలిచ్చింది. సర్వే పోర్టల్ కట్టేవాళ్లు ఆ తీర్పు ఒకసారి చదువుకుంటే బాగుంటుంది.

రెండోది. ప్రపంచ సంతోష నివేదికకు అడిగే ప్రశ్న ఎలా ఉంటుందో తెలుసా? "ఒక నిచ్చెన ఊహించుకోండి, పది మెట్లు, మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?" మలక్‌పేట అన్నకు ఈ ప్రశ్న వేస్తే ఏమంటాడో వినాలని ఉంది.

మలక్‌పేట_చక్రాలు · 4:14
ర్యాంపు యాడుందని అడుగుత 😀

బోయిన్‌పల్లి_అమ్మ · 5:35
అందరూ "నన్నే అడగాలి, మా నాన్నను కాదు" అంటున్నారు. సరైనదే. మరి మా బాబు సంగతి? వాడికి 19 ఏళ్లు, మేధో వైకల్యం. మాటలు కొన్నే. సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమంటే వాడు వేయలేడు.

నేను వాడి తరఫున జవాబు చెప్పగలను. కానీ ఆ జవాబులో సగం నా అలసటే ఉంటుంది. రాత్రి నిద్ర లేని రోజు అడిగితే మూడు అంటాను, వాడు ఆ పొద్దంతా నవ్వుతూ తిరిగి ఉండొచ్చు. మా అత్తగారిని అడిగితే "వాడికేం, మహారాజు" అంటారు. ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం.

అలాగని ఇంట్లోవాళ్ల జవాబు పనికిరాదని కొట్టేస్తే వాడు లెక్కలోనే ఉండడు. తార్నాక బాబూ, మీరు చెప్పిన బ్రిటన్ వాళ్లు ఏం చేస్తారు?

తార్నాక_లెక్కలు · 6:20
అక్కడ ఆ నాలుగు ప్రశ్నలకు వేరేవాళ్లు జవాబు చెప్పడానికి వీల్లేదమ్మా. ఎవరి జవాబు వాళ్లదే. చెప్పలేనివాళ్లు ఆ నాలుగింటి లెక్కలోకి రారు.

బోయిన్‌పల్లి_అమ్మ · 6:41
చూశారా. ఇక్కడ నాన్న చెబుతాడు, అక్కడ ఎవరూ చెప్పరు. రెండు చోట్లా మా వాడు లేడు.

నాకు తోచింది చెబుతాను. మా వాడి బడిలో ఫొటో కార్డులు వాడతారు. బస్సు, స్నేహితులు, గుడి, డాక్టరు ఇలా. ఇష్టమైనవి ఒక పక్క, కానివి ఒక పక్క పెడతాడు. ఈ రోజు పెట్టింది రేపు మళ్లీ అడిగినా దాదాపు అలాగే పెడతాడు. అదీ జవాబే కదా? మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి మా మనోవికాస్ నగర్‌లోనే ఉంది. ఇలాంటి కార్డుల సర్వే ఎలా చేయాలో తేల్చుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. నన్ను కూడా అడగండి, కానీ నా గడి వేరుగా పెట్టండి. "తల్లి ఎలా ఉంది" అని. వాడి గడిలో నన్ను రాయొద్దు.

సైగల_సికింద్రాబాద్ · రాత్రి 8:02
నేను బధిరుడు. తెలుగు రాయడం నాకు రెండో భాష లాగా, తప్పులు ఉంటే క్షమించాలి. సర్వే మనిషి వస్తే అక్క మాట్లాడుతుంది. నన్ను అడగమంటే కాగితం మీద రాస్తారు. "సంతృప్తి" అని రాస్తారు. చాలామంది బధిరులకు ఆ మాట కష్టం. ట్యాబ్‌లో సైగల భాష వీడియో పెట్టండి. ఒక ప్రశ్న ఒక వీడియో. జవాబు ముఖం బొమ్మ నొక్కాలి. అక్క అక్కర లేదు. అక్క మంచిదే. కానీ అక్క గురించి ప్రశ్న వస్తే అక్క ముందు ఎలా చెప్పాలి?

నల్లకుంట_తెరవాచకం · 8:15
చివరి వాక్యం ప్రశ్నావళి అట్ట మీద అచ్చేయాలి.

అమీర్‌పేట_వాదన · 8:50
కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమనుకోవద్దు. ఇన్ని వీడియోలు, కార్డులు, స్క్రీన్ రీడర్లు అంటే ఖర్చెంత? వికలాంగులకు ప్రత్యేకంగా ఒక మంచి సర్వే పెట్టి, అందరి సర్వేని అందరికీ వదిలేస్తే పోదా? 2018లో ప్రత్యేక సర్వే చేశారు కదా. ఇంకోటి, ప్రపంచమంతా చెబుతున్నదేంటంటే తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లలోనూ చాలామంది మా బతుకు బాగానే ఉందంటారు. పరిశోధకులు దీనికి వైకల్య వైరుధ్యమనే పేరు పెట్టి 1999లోనే రాశారు. అలాంటప్పుడు మీ సర్వేలో మంచి మార్కులే వస్తే ప్రభుత్వం "వాళ్లు సంతోషంగానే ఉన్నారు, ర్యాంపులెందుకు" అనదా?

పద్మారావునగర్_రిటైర్డ్ · 9:40
మంచి ప్రశ్నలే. ప్రత్యేక సర్వే వద్దనను. 2018 సర్వే లేకపోతే పైన నేను చెప్పిన 28.8 శాతం ఎక్కడిది? కానీ ప్రత్యేక సర్వే ఒక్కటే ఉంటే పోల్చడానికి ఏమీ ఉండదు. వికలాంగులకు ఆరు మార్కులొచ్చాయంటే ఎక్కువా తక్కువా? పక్కింటివాళ్లకు అదే నెలలో అదే ప్రశ్నకు ఎనిమిది వస్తేనే ఆ ఆరుకు అర్థం. పైగా ప్రత్యేక సర్వే ఉందని చూపించి మామూలు సర్వేల్లోంచి తీసేస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆరో విడతలో వైకల్యం ప్రశ్నలు తొలగించినప్పుడు చెప్పిన సమాధానం అదే, 2018 సమాచారం ఉంది కదా అని.

మార్కులు ఎక్కువ రావడం గురించి. అమర్త్య సేన్ ఎప్పటినుంచో చెబుతున్నదే ఇది. లేమికి అలవాటు పడ్డ మనిషి కోరికలు కుదించుకుంటాడు, తృప్తిగా ఉన్నానంటాడు. అయితే ఆ తృప్తి అబద్ధమని మనం తేల్చెయ్యడం కూడా అహంకారమే. నిజంగానే బాగున్నవాళ్లు ఉంటారు. అందుకే తృప్తి మార్కు పక్కనే ఆ మనిషి ఏం చేయగలుగుతున్నాడో, ఏం ఆగిపోతోందో అడగాలి. రెండూ పక్కపక్కన పెడితే "తొమ్మిది మార్కులు, కానీ నెలగా గడప దాటలేదు" అని కనబడుతుంది. అది చూశాక ర్యాంపు ఎందుకని ఎవరూ అనలేరు.

నమూనా సంగతి కూడా చెప్పాలి. నగరంలో 3,000 మందిని అడిగితే 2.2 శాతం లెక్కన వికలాంగులు 66 మంది వస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు. ఒక్కో రకానికి ముగ్గురు. ముగ్గురితో ఏ మాటా చెప్పలేం. కాబట్టి ఆరు ప్రశ్నలతో ముందు ఇళ్లు జల్లెడ పట్టి, వికలాంగులున్న ఇళ్లను ఎక్కువగా ఎంచుకుని, తర్వాత వాళ్ల జవాబులు జనాభాలో వాళ్ల వాటా మేరకే లెక్కకొచ్చేలా తూకాలతో సరిచేయాలి. సర్వే చేసేవాళ్లకు ఇది రోజూ చేసే పనే, కష్టమేమీ కాదు.

ఎర్రగడ్డ_దగ్గర · 10:30
ఆ ఆరు ప్రశ్నల్లో నేను లేను. నడుస్తాను, చూస్తాను, వింటాను, మాట్లాడతాను. మందులు వేసుకుంటాను. కొన్ని వారాలు మంచం దిగలేను. చిన్న జాబితాలో మనసు గురించి లేదు. ఆందోళన, కుంగుబాటు ప్రశ్నలు పెద్ద జాబితాలోనే ఉంటాయి. అది వాడండి.

ఇంటింటి సర్వే అన్నారు, ఇల్లు లేనివాళ్ల మాటేంటి? మానసిక ఆసుపత్రి వార్డులో నెలల తరబడి ఉండేవాళ్లు, ఆశ్రమాల్లో ఉండేవాళ్లు, ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు. అందరికంటే కష్టాల్లో ఉన్నవాళ్లను బయటే ఉంచి సగటు తీస్తే సగటు బాగానే వస్తుంది.

కొత్తపేట_మల్లన్న · సోమవారం ఉదయం 7:45
పైసల ముచ్చట ఎవ్వరూ ఎత్తలేదు. నేను, మా తమ్ముడు ఒకటే జీతానికి చేస్తం. వాడు బస్సు ఎక్కుతడు. నేను బస్సు మెట్టు ఎక్కలేను, రోజూ ఆటోనే. నెల జీతంల మంచి భాగం ఆటోకే. కాళ్లకు కట్టుకునే కాలిపర్ల బెల్టులు తెగుతయి, బూట్లు ఒక్క దిక్కే అరుగుతయి. కాయితం మీద ఇద్దరం సమానం. పైంగ నాకు పింఛన్ వస్తదని నా ఆదాయమే ఎక్కువ చూపెడతరు!

పద్మారావునగర్_రిటైర్డ్ · 8:20
సేన్ అన్నది అక్షరాలా ఇదే. ఒకే రూపాయి ఇద్దరి చేతుల్లో ఒకే పని చేయదు. వైకల్యం వల్ల పడే అదనపు ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని ఆదాయంగా చూడాలి.

ఇదే వరసలో ఇంకో హెచ్చరిక. చాలా సూచీల్లో ఆరోగ్యం ఒక భాగం. అందులో "నడవగలరా, చూడగలరా" అని అడిగి మార్కులు వేస్తే వికలాంగుడికి పుట్టుకతోనే మార్కులు తెగుతాయి. తర్వాత ఎంత మంచి నగరం కట్టినా ఆ మార్కు పెరగదు. వైకల్యం ప్రశ్నలను, అది ఉన్నవాళ్ల ఫలితాలు, లేనివాళ్ల ఫలితాలు విడివిడిగా చూడటానికి వాడండి, మార్కులు కోయడానికి వాడకండి.

చావడి_నిర్వాహకులు · 9:05
పింఛను ఆరు వేలు ఎప్పుడిస్తారన్న వ్యాఖ్యలు ఐదారు వచ్చాయి, వాటిని రాజకీయాల విభాగంలోకి మార్చాం. అక్కడ కొట్టుకోండి.

తార్నాక_లెక్కలు · రాత్రి 9:30
రాత్రీ పగలూ కూర్చుని ఒక చిత్తుప్రతి రాశాను. ప్రతి మనిషికీ వేరే పేజీ. పేజీ మీద మొదటి గడి: ఈ జవాబులు ఎవరు చెప్పారు? (తనే, సాయంతో తనే, వేరేవాళ్లు). రెండో గడి: చెప్పేటప్పుడు గదిలో ఇంకెవరున్నారు? తృప్తి ప్రశ్న తర్వాత ఇవి:

పోయిన వారంలో బయటికి వెళ్లాలనుకుని వెళ్లలేకపోయారా? ఏం అడ్డొచ్చింది?
మీ ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంటుంది?
ఈ రోజు ఏ బట్టలు వేసుకోవాలో ఎవరు నిర్ణయించారు?
మీకు సాయం చేసే మనిషి రేపు రాకపోతే ఏం జరుగుతుంది?

నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం వాళ్లకు చూపించాలనుకుంటున్నాను. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు తప్పనిసరి చేయాల్సిందేనన్న తీర్పు ఇచ్చింది వాళ్ల నివేదిక చూశాకే కదా. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కల వాళ్లు ఇంటింటికీ వస్తారు, ఆలోపే మనది ఒకటి రెండు బస్తీల్లో అడిగి చూడాలి.

మలక్‌పేట_చక్రాలు · 9:48
ఏటీఎం కార్డు ప్రశ్న జబర్దస్త్. కానీ నాయన పక్కనుంటే నేను నిజం చెప్ప.

బడిపంతులు_ఉప్పల్ · 10:02
గదిలో ఎవరున్నారన్న గడి అందుకే. కానీ బాబూ, "మీరు బయటికి వెళ్లండి" అని ఇంటి పెద్దకు చెప్పే ధైర్యం ఎన్యూమరేటర్‌కు ఉండదు. ట్యాబ్‌తో పాటు ఇయర్‌ఫోన్లు ఇవ్వండి. ప్రశ్న వాళ్ల చెవిలో పడుతుంది, జవాబు వేలితో నొక్కుతారు. ఇంటి పెద్ద అక్కడే కూర్చున్నా ఫరవాలేదు.

నల్లకుంట_తెరవాచకం · 10:09
నాకూ పనికొస్తుంది. అయితే నొక్కాల్సిన చోటు కూడా చెవిలో చెప్పాలి.

సైగల_సికింద్రాబాద్ · 10:11
ఇయర్‌ఫోన్ నాకు వద్దు. వీడియో మర్చిపోకండి. మొదటి బస్తీకి నేను వస్తాను.

బోయిన్‌పల్లి_అమ్మ · 10:40
"సాయం చేసే మనిషి రేపు రాకపోతే" అన్న ప్రశ్న మా వాడి పేజీలో పెట్టకండి బాబూ. ఫొటో కార్డుల్లో నేను లేని ఇల్లు చూపిస్తే వాడు రోజంతా ఏడుస్తాడు. ఆ ప్రశ్న నా పేజీలో వేయండి, నేను చెబుతాను.